మోరీ మీద పచ్చపూలు

గాలి ముందొచ్చింది. గల్లీ మొగదల దుమ్ము లేపి, కిరాణా కొట్టు ముందు వేలాడే చిప్స్ పొట్లాల దండను మెలిపెట్టి, ఇస్త్రీ బండి మీది టార్పాలిన్‌ను పక్కింటి గోడ మీదికి విసిరింది. ఇస్త్రీ అతను బట్టల మూట చంకన పెట్టుకుని మెట్లెక్కేశాడు. గాలి వెనకే చుక్కలు, చుక్కల వెనకే వాన. జూన్ మొదటివారం, సాయంత్రం ఆరున్నర. మనం నిలబడ్డది హైదరాబాద్ నల్లకుంటలో, హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లను మూసీకి మోసుకుపోయే నాలాకు కూతవేటు దూరంలో. ఇక్కడొక అరుగుంది, ఎక్కి నిలబడదాం. ఇంకాసేపట్లో ఈ ఎత్తు అవసరమవుతుంది.

గల్లీకి రెండు పక్కలా పచ్చపూల చెట్లు. నర్సరీవాళ్లు వీటిని పెల్టోఫోరం అంటారు. కాలనీ కట్టిన కొత్తలో వరసగా నాటారు. వాటిలో మిగిలినవి ఇప్పుడు మూడంతస్తుల పిట్టగోడలు దాటి ఉన్నాయి. వేసవంతా పూయడం, పూసిందంతా రోడ్డు మీదే రాల్చడం వీటి అలవాటు. పొద్దున సఫాయి అక్క ఊడ్చి వెళ్తుంది, సాయంత్రానికి ఊడ్చిన ఆనవాలుండదు. ఎండ కాసే రోజుల్లో ఆ పసుపు పరుపు మీద కూచుని ఫొటోలు దిగేవాళ్లుంటారు. ఈ పూట ఆ పసుపంతా కదిలింది. మొదట రోడ్డు అంచున సన్నటి పాయగా, పది నిమిషాలు గడిచేసరికి రోడ్డు నడుమ దాకా. పూల నడుమ పాలప్యాకెట్లు, థర్మాకోల్ ముక్కలు, ఎవరిదో ఒంటి చెప్పు. ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు ఆగిపోయిన బండిని ఒంటిచేత్తో తోసుకుంటూ, ఇంకో చేత్తో నెత్తిమీది సంచీని పట్టుకుని పోతున్నాడు. నీళ్లు అతని మోకాలి కింద దాకా వచ్చాయి.

ఎదురింటి రిటైర్డ్ సార్ లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దిగారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కర్ర. ఇంటి ముందున్న చెట్టు మొదట్లో నీళ్లలో పొడుస్తున్నారు. "ఇక్కడే ఉండాలండీ జాలీ, ఇక్కడే ఉండాలి" అంటున్నారు. ఎవరితో అంటున్నారో తెలియదు, గల్లీలో ఆయన మాట వినేంత దగ్గర్లో ఎవరూ లేరు. పక్క సందులో ఒక కుర్రాడు గడ్డపార పట్టుకొచ్చి రోడ్డు నడుమ ఉన్న గుండ్రటి మూత కోసం కాలితో వెతుకుతున్నాడు. అది తెరిస్తే నీళ్లన్నీ గుటుక్కున దిగిపోతాయని అతని ఆశ.

ట్రాలీ ఆటో గల్లీ మొగదలే ఆగింది. లోపలికొస్తే ఇంజన్‌లోకి నీళ్లు పోతాయని డ్రైవర్ భయం. అందులోంచి రెయిన్‌కోట్ల మనుషులు దిగారు: వానాకాలం అత్యవసర బృందం. గడ్డపారలు, పారలు, చివర కొక్కెం ఉన్న పొడుగాటి ఇనుప సలాక, తట్టలు, గొలుసు రంపం, చిన్న పంపు. అందరికంటే పెద్దవాణ్ని మిగతావాళ్లు మేస్త్రీ అంటున్నారు. ఆయన దిగగానే మొదట కేకేసింది గడ్డపార కుర్రాడి మీద.

"ఏ తమ్మీ! మూత ముట్టకు! అండ్ల పడితే నిన్ను మూసీల ఎతుకాలె!"

కుర్రాడు ఆగాడు. మేస్త్రీ చెప్పిన దాంట్లో అతిశయం లేదు. వరద నీళ్లలో తెరిచిన మ్యాన్‌హోల్ పైకి కనపడదు. వెనక వచ్చే మనిషి కాలు నేరుగా అందులోకే పోతుంది. ఇంకో సంగతి, అది మురుగు లైను, వాన నీళ్ల లైను కాదు. ఇళ్ల నుంచి వచ్చే మురుగు కోసం వేసిన సన్నటి పైపులోకి గల్లీ వరదంతా తోస్తే, అది పల్లంలో ఉన్న ఇంకో ఇంటి బాత్‌రూములోంచి పైకి తంతుంది. అందుకే జనం తమంతట తాము ఆ మూత తీయడం నేరం కూడా.

మేస్త్రీ ఇప్పుడు ఏ పనిముట్టూ పట్టుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నీళ్లకేసి చూస్తున్నాడు.

"దిగుదామా అన్నా?" అన్నాడు కొక్కెం పట్టుకున్న కుర్రాడు.

"ఆగు. పూలు జూడు."

మనమూ చూద్దాం. సార్ పొడుస్తున్న చోటికి రెండు గజాల ఇవతల, పచ్చపూలు ఒక్కచోట మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి. కిందికి పోవడం లేదు, పక్కకీ పోవడం లేదు. అంటే అక్కడ జాలీ ఉంది, ఊపిరి కొద్దిగా ఆడుతోంది, నోరు మాత్రం మూసుకుపోయింది. గల్లీ దిగువన, మలుపు దగ్గర సంగతి వేరు. అక్కడ పూలు జాలీకి దూరంగా నెట్టుకుపోతున్నాయి, మధ్యలో నీళ్లు బుడగలు కడుతున్నాయి. అక్కడ నీళ్లు లోపలికి పోవడం లేదు, లోపల్నుంచి వస్తున్నాయి. నాలా నిండి, దానిలో పడాల్సిన పైపు వెనక్కి తంతోంది. ఆ జాలీ దగ్గర రాత్రంతా తవ్వినా ఒక్క చెంబుడు నీళ్లు తగ్గవు. నాలా మట్టం దిగాలి, అంతే. పై జాలీ లైను అలా కాదు, అది మెయిన్‌రోడ్డు కింది బాక్సు డ్రెయిన్‌లో పడుతుంది. ఆ బాక్సులో ఇంకా చోటుందని వచ్చేటప్పుడు మేస్త్రీ చూసుకునే వచ్చాడు.

ఈ రెండింటికీ తేడా తెలియకే సగం తిట్లు తప్పుడు మనుషులకు తగులుతాయి.

పూలు తిరిగే చోట సలాక దించారు. టంగుమంది. జాలీ దొరికింది గానీ లేవడం లేదు. రోడ్డు మీద తారు మీద తారు పోసుకుంటూ వచ్చినవాళ్లు జాలీ అంచుల్ని కూడా తారుతో కప్పేశారు. పొర మీద పొర పడి రోడ్డే ఇళ్ల గుమ్మాల కంటే ఎత్తెక్కింది. అరుగు మీంచి చూస్తే తెలుస్తుంది, పాత ఇళ్లన్నీ రోడ్డుకు రెండు మెట్లు కిందకున్నాయి. కట్టినప్పుడు పైకెక్కడానికి వేసిన మెట్లు ఇప్పుడు దిగడానికి పనికొస్తున్నాయి. ఇద్దరు రెండు గడ్డపారలు పెట్టి, "హా... హా..." అంటూ ఒక్కసారి బరువేస్తే ఓ మూల కదిలింది.

జాలీ పక్కకు లాగాక కుర్రాడు చేతికి మందపాటి తొడుగేసుకుని బోర్లా పడుకున్నాడు. గుంతలోకి దిగొద్దని మేస్త్రీ హుకుం. చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. మొదట పైకొచ్చింది పసుపు పచ్చటి ముద్ద: పూలు, వాటితోపాటు ఈ చెట్టు సన్నటి ఆకులు. గోరంత కూడా లేని చిట్టి ఆకులు ఒకదానికొకటి అంటుకుని, తడిసి, జాలీ కన్నాలకు పట్టీ వేసేశాయి. "చూశారా, చెప్పలేదూ, చెట్టేనండీ!" అన్నారు సార్.

కుర్రాడి చెయ్యి మళ్లీ లోపలికి పోయింది. ఈసారి వచ్చింది పన్నీలు. నలుపువి, నీలంవి, ముడి విప్పకుండా చెత్తతో సహా విసిరేసినవి. తర్వాత గుట్కా పొట్లాలు, కొబ్బరి బొండాం ఒకటి, పిల్లల డైపర్లు, దేవుడి పటానికి వేసిన ప్లాస్టిక్ పూలదండ. దాని కింద ఇసుక. ఆ ఇసుక కింద, అడుగున పార తగిలితే నిప్పురవ్వలు లేచేంత గట్టిగా గడ్డకట్టిన సిమెంటు. పక్కన ఎప్పుడో అపార్ట్‌మెంటు కట్టినప్పుడు కాంక్రీటు మిషన్ కడిగిన నీళ్లు ఈ గుంతలోకే వదిలారు. గుంత లోతులో మూడోవంతు ఆ సిమెంటే తినేసింది. ఆకులు ఆగింది పన్నీల మీద, పన్నీలు ఆగింది సిమెంటు మీద. పైపొర మాత్రమే అందరికీ కనపడుతుంది కాబట్టి ముద్దాయి చెట్టయింది.

అంతమాత్రాన చెట్టును పూర్తిగా వదిలేయడానికీ లేదు. గుంత గోడలోంచి పైపు మొదలయ్యే చోట కుర్రాడు ఏదో పట్టుకుని లాగుతున్నాడు, రావడం లేదు. కత్తి అడిగాడు. కోసి పైకి తీస్తే, తడిసిన కొబ్బరిపీచులా గుబురుగా అల్లుకున్న సన్నటి వేర్లు, మూరెడు పొడవు. ఈ వేర్లు పైపును పగలగొట్టుకుని లోపలికి రాలేదు. గట్టి పైపును వేరు పగలగొట్టడం అరుదు. గూనకూ గూనకూ మధ్య అతుకు ఊడి తడి బయటికి కారితే, ఆ తడిని వెతుక్కుంటూ వెంట్రుకంత వేరు వస్తుంది. లోపలికి దూరాక నీళ్లు, ఎరువు రెండూ పుష్కలం. అక్కడ లావెక్కి, దారిలో వచ్చే పన్నీలను పట్టి ఆపుతుంది. వేరు కోసేస్తే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ వస్తుంది. అతుకు సరిచేస్తే రాదు. ఈ రాత్రి కోత మాత్రమే సాధ్యం. అతుకు పని ఎండాకాలంలో, రోడ్డు తవ్వి చేయాలి. ఎండాకాలంలో ఈ గుంత ఎవరికీ గుర్తుండదు.

వేర్లు పోయాక గుంత గురగురమంది. పూలు తిరగడం మానేసి ఒకదాని వెంట ఒకటి లోపలికి పోతున్నాయి. సార్ మోకాలి దగ్గర నీటిగీత ఒక వేలెడు దిగింది.

"ఇప్పుడు పోతయ్ సార్. గంటల దిగిపోతయ్."

"అది సరే మేస్త్రీ. ఈ చెట్టు సంగతేంటి? కొట్టించేయకూడదూ? ఏటా ఇదే గోల."

జవాబు మేస్త్రీ దగ్గర్నుంచి రాలేదు. గల్లీ చివరి గదిలో ఉండే సఫాయి అక్క కొంగు నడుముకు చుట్టి, తట్ట పట్టుకుని వచ్చి నిలబడింది. ఆమె డ్యూటీ పొద్దుటిది. ఇప్పుడు రావాల్సిన పని లేదు.

"చెట్టేం జేసింది సార్? ఆకులు రోజు నేనే ఊడుస్త. ఊడ్సి కుప్ప వెడితే బండి మూడొద్దులకు వస్తది. అంతల గాలొస్తది, కుప్ప మోరీల వడ్తది. బండి రోజు పంపుమనురి."

చెట్టు కొట్టాలంటే సార్ చెయ్యెత్తితే చాలదు. 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి. దరఖాస్తు, తనిఖీ, రుసుం అన్నీ ఉంటాయి. చట్టం సంగతి అటుంచి లెక్క చూసినా లాభం లేదు. చెట్టు పోతే రాలే ఆకు పోతుంది, పన్నీలు పోవు, సిమెంటు పోదు. ఇంకోవైపు, చెట్లుంటే వరదే రాదనే మాటను కూడా నేను నమ్మను. సన్నటి తుంపరను పెద్ద చెట్టు ఆకుల మీదే చాలావరకు ఆపుతుంది, మెల్లగా కిందికి వదులుతుంది. ఇవాళ్టి లాంటి కుంభవృష్టిలో ఆకులు మొదటి కొన్ని నిమిషాల్లోనే తడిసి ముద్దవుతాయి, ఆ తర్వాత పైనుంచి పడ్డది పడ్డట్టే కిందికొస్తుంది. చెట్టు అసలు మేలు దాని మొదట్లో ఉంది, మట్టి గుల్లగా ఉండి నీళ్లను తాగగలిగితే. ఈ గల్లీలో మొదళ్లన్నీ సిమెంటుతో బిగించేశారు. కాండానికి అంగుళం ఖాళీ లేదు. ఢిల్లీలో ఇదే తంతు చూసి 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. మన గల్లీల్లో సిమెంటు కలిపే మేస్త్రీలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

వాన కాస్త వెనక్కి తగ్గింది. కింది జాలీ సంగతి చూడటానికి ఇద్దరు నాలా వైపు బయల్దేరారు. మనమూ వాళ్ల వెంట నడుద్దాం. రోడ్డు నడుమనే నడవండి, గోడ పక్కన ఎక్కడ మూత ఉందో ఎక్కడ లేదో తెలియదు.

నాలా ముందు చప్పుడై వినపడుతుంది, తర్వాత వాసనై తగులుతుంది, ఆఖర్న కంటికి కనపడుతుంది. టార్చి వెలుగులో గోధుమరంగు నీళ్లు గోడ అంచుకు జానెడు కిందుగా పరుగెడుతున్నాయి. ఆ పరుగులో ఒక పరుపు, ఒక సోఫా మెత్త, చెట్టుకొమ్మ ఒకటి. గోడలోంచి పక్క మోరీలు వచ్చి పడే పైపుల నోళ్లు నీళ్ల కింద మునిగి ఉన్నాయి. నోళ్లకు తలుపులు లేవు. నాలా ఎత్తెక్కితే ఆ నోళ్లలోంచే గల్లీలోకి వెనక్కి ఎక్కుతుంది. కింది జాలీలో బుడగలు అందుకే. ఈ నాలా మట్టాన్ని తేల్చేది ఇక్కడి వాన ఒక్కటే కాదు. హుస్సేన్‌సాగర్ నిండు మట్టం 513.41 మీటర్లు. పైనున్న కూకట్‌పల్లి, బంజారాహిల్స్ వైపు నుంచి నీళ్లు దిగి ఆ గీత దాటితే, మిగులంతా ఈ గల్లీల పక్క నుంచే పోవాలి. అందుకే ఇక్కడ వాన ఆగిపోయాక కూడా నీళ్లు పెరిగే రాత్రులుంటాయి. అశోక్‌నగర్, దోమలగూడ, నల్లకుంట పద్మకాలనీ వాళ్లు ఆకాశం కంటే సాగర్ తూముల వార్తల మీదే ఎక్కువ చెవి వేసి ఉంచుతారు.

టార్చి పట్టుకున్న మనిషి గోడ మీది పాత నీటిగీత చూపించాడు. "ఇర్వైల గీడిదాక వచ్చింది" అన్నాడు, తన గుండె మీద చెయ్యి పెట్టి.

ఇర్వై అంటే 2020. అక్టోబరు 13 రాత్రి. ఆ ఒక్కరోజులో బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు పడింది, ఘట్‌కేసర్ దగ్గర 32. అంతకు ముందు 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు. ఆ దెబ్బ తర్వాతే నాలాల వెడల్పు మీద కిర్లోస్కర్ సంస్థ చేత అధ్యయనం చేయించారు. ఆ నివేదిక 2003లో వచ్చింది. 2020 దెబ్బ తర్వాత 2021లో వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం మొదలైంది, తొలి దశకే దాదాపు 985 కోట్లు. మనం ఆనుకుని నిలబడ్డ ఈ నాలాకు రక్షణ గోడ ఆ కార్యక్రమంలోదే. గోడ మంచి పనే. కానీ నగరంలో మోరీలు మోయగలిగింది గంటకు రెండు సెంటీమీటర్ల వాననని అధికారులే తరచూ చెబుతుంటారు. ఆ రెండు సెంటీమీటర్లైనా దిగాలంటే జాలీ తెరిచి ఉండాలి. నాలా గోడకు శంకుస్థాపన ఫలకం ఉంటుంది, జాలీకి ఉండదు.

ఇదే నీళ్లు పోయి కలిసే మూసీ 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచింది. దాదాపు పదిహేను వేలమంది పోయారంటారు. ఆ రోజు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మరుసటేడు నిజాం పిలిపిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జలాశయాలు కట్టమన్నారు, ఊరికి భూగర్భ డ్రైనేజీ కావాలన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా పుట్టాయి. కొమ్మలు నరికి మొండి చేసిన చెట్టయితే, వేళ్లు కోసిన చెట్టయితే ఆ రోజు 150 మంది బరువు మోసేది కాదు.

ఫోను మోగింది. మేస్త్రీ కేక ఫోనులోంచి మనకూ వినపడుతోంది. వెనక గల్లీలో చెట్టు పడింది. కారు మీద. తీగలతో సహా.

మనం చేరేసరికి జనం గుమిగూడి ఉన్నారు, సెల్‌ఫోన్ల వెలుగు తప్ప దీపం లేదు. ఇదీ పచ్చపూల చెట్టే. గల్లీకి అడ్డంగా పడి, తెల్ల కారు పైకప్పును నడిమికి వంచేసింది. కారులో ఎవరూ లేరు. కొమ్మల్లో ఒక స్తంభం వాలిపోయింది, తీగలు నీళ్లలో వేలాడుతున్నాయి. కారు యజమాని దగ్గరికి పోబోతే మేస్త్రీ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "దీపాల్లేవంటే కరెంటు లేదని గాదు సార్. ఎవలింట్లనన్న జనరేటరో ఇన్వర్టరో ఉంటే తీగల ఎనక్కొస్తది. లైన్‌క్లియర్ అయినంక చెప్త." లైన్‌మన్ వచ్చి, స్విచ్ దించి, తీగలకు ఎర్తింగ్ వేసి, ఫోనులో "ఎల్‌సీ ఇచ్చిండ్రు" అని చెప్పేదాకా రంపం బయటికి రాలేదు. అంతసేపూ వానలో నిలబడ్డ జనం బృందాన్ని తిడుతూనే ఉన్నారు. బృందంలో ఒక్కరూ మారుమాట అనలేదు.

ఆ విరామంలో మనం చెట్టు మొదటి దగ్గరికి పోదాం. దగ్గరగా చూడాల్సింది ఇదే. చెట్టు వేళ్లతో సహా పెళ్లగిల్లుకు వచ్చింది, లేచిన మట్టిగడ్డ మంచమంత కూడా లేదు. ఇంత పెద్ద మానుకు ఇంతే పాదు. ఒక పక్క వేళ్లన్నీ ఒకే గీతలో, నున్నగా తెగి ఉన్నాయి. విరిగిన వేరు పీచులు పీచులుగా ఉంటుంది, ఇవి తెగినవి, జేసీబీ పళ్లకు. మొదటికి జానెడు దూరంలో ఏదో కేబుల్ కోసం తవ్వారు, పూడ్చారు, పైన కొత్త సిమెంటు పోశారు. తెగిన చివర్లు నల్లబడి మెత్తగా ఉన్నాయి, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. తవ్వి ఏళ్లే అయివుండాలి. రెండో పక్క వేళ్లు కాంక్రీటుకు కొట్టుకుని పక్కకు తిరిగి, కాండం చుట్టూనే చుట్టుకున్నాయి. మొదట్లో బూజు గొడుగులు ఉన్నాయి, గట్టివి, చెక్కకు అతుక్కుని. అంటే లోపల బోలు.

ఇప్పుడు టార్చి పైకెత్తండి. తీగల వైపు కొమ్మలన్నీ మొండివి. ఏటా వానలకు ముందు కరెంటోళ్లు వచ్చి తీగలకు అడ్డొచ్చినవి నరికిపోతారు. వాళ్ల పని తీగ వరకే, చెట్టు తూకం ఎవరి పద్దులోనూ లేదు. నరికిన ప్రతి మొండి దగ్గరా గుత్తులుగా కొత్త రెమ్మలు లేచాయి. అవి బెరడు కిందే పుడతాయి గనక పట్టు తక్కువ, గాలికి ముందు విరిగేవి అవే. ఒక పక్క నరుకుతుంటే బరువంతా రెండో పక్కకు, కారు పార్కు చేసుకునే పక్కకు చేరింది. కింద ఆ బరువును పట్టి లాగాల్సిన వేళ్లను జేసీబీ ఎప్పుడో కోసేసింది. నానిన మట్టి, ఒక్క గాలి విసురు. పచ్చపూల చెట్టు అంతంత మాత్రం చెక్కేనన్నది నిజమే. వేప, కానుగ అయితే ఇంకాస్త నిలిచేవేమో. కానీ ఈ పోస్టుమార్టంలో గాలి పేరు అన్నిటికంటే కింద రాయాలి.

దీన్ని ముందే కనిపెట్టవచ్చా? చాలావరకు వచ్చు. మొదట్లో మట్టి ఒక పక్క ఉబ్బి పగుళ్లివ్వడం, నిన్నటిదాకా నిటారుగా ఉన్న చెట్టు ఈ ఏడాది వాలడం, చెక్క సుత్తితో కొడితే డొల్ల చప్పుడు, ఆ గట్టి గొడుగులు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాలనీకి ఒక మనిషి సుత్తి పట్టుకుని తిరిగితే చాలు. ఆ మనిషి ఉద్యోగం ఇంకా ఎవరూ సృష్టించలేదు.

ఎల్‌సీ వచ్చింది. రంపం గొంతెత్తింది. కారు మీది కొమ్మ నొక్కుకుని ఉంది, తొందరపడి కోస్తే ఎగిరి మొహాన కొడుతుంది. మేస్త్రీ ముందు సన్నకొమ్మలు తీయించి, బరువు తగ్గించి, తాడు కట్టించి అప్పుడు మానుకు పోనిచ్చాడు. ఆ పని పెద్దగా చెప్పుకునేది కాదు. ఒకటిన్నర గంట చప్పుడు, చెమట, రంపపు పొట్టు, పెట్రోలు కంపు. ట్రాలీ ఆటో దుంగలతో నిండిపోయింది.

కరెంటు ఎలాగూ తీసి ఉంది కాబట్టి మేస్త్రీ పాత గల్లీలో ఇంకో పని పెట్టుకున్నాడు. సార్ ఇంటి ముందు చెట్టుకు గాలికి సగం విరిగిన కొమ్మ ఒకటి తీగల మీద వేలాడుతోంది. నిచ్చెన వేసి కుర్రాడెక్కాడు. కింద నుంచి మేస్త్రీ చెబుతున్నాడు: కాండానికి మూరెడు ఇవతల ముందు కింద నుంచి కొంచెం కొయ్యి. ఇంకో బెత్తెడు బయట పైనుంచి కొయ్యి, కొమ్మ పడిపోతది. మిగిలిన మొండిని ఆఖర్న కొమ్మ మెడ దగ్గర, ఉబ్బు వదిలేసి కొయ్యి. మొదటే పైనుంచి కోసుంటే పడే కొమ్మ కాండం బెరడును నిలువునా చీల్చుకుని పోయేది. ఉబ్బు ఉంటే చెట్టు తన గాయం తనే మూసుకుంటుంది, పైన రంగులూ తారూ పూయక్కర్లేదు. కొమ్మ పడింది. బెరడు చెక్కుచెదరలేదు. మేస్త్రీ మొదటి చుట్టూ తిరిగి పార కర్రతో కొట్టి విన్నాడు. గట్టిగానే ఉంది.

"ఈ చెట్టుకేం గాదు సార్. చుట్టు సిమెంటు పలగ్గొట్టి రెండు ఫీట్లు మట్టి ఇడ్వురి. పైన తూర్పుదిక్కు కొమ్మ బరువున్నది, వానలయినంక కటింగుకు దరఖాస్తు వెట్టురి."

గల్లీలో నీళ్లు చీలమండ దాకా దిగాయి. జాలీ పక్కన తీసి పోసిన పూడిక కుప్ప ఉంది, నల్లగా, కారుతూ. సఫాయి అక్క దాన్ని చూపించింది. "గిది ఈడ ఇడిసిపోతే పొద్దుగాలకు మల్ల లోపలికే పోతది." ఆటోలో చోటు లేదు, అంతా దుంగలే. ఆమె కిరాణా కొట్టాయన దగ్గర ఖాళీ గోనెసంచులు అడిగి తెచ్చింది, కుర్రాళ్లు పారలతో నింపుతున్నారు.

మేస్త్రీ మాత్రం ఇంకా టార్చితో రోడ్డు అంచు వెంట నడుస్తున్నాడు. సార్ ఇంటి గేటు ముందు ఆగాడు. కారు ఎక్కడానికి గేటు నుంచి రోడ్డు దాకా పోసిన సిమెంటు ర్యాంపు, మోరీని పూర్తిగా కప్పేసి ఉంది.

"సార్, ఈ లైన్ల రెండు పిట్లుండాలె. ఒకటే దొరికింది."

"రెండోది... ఉండేదేమో పూర్వం."

"మీ ర్యాంపు కింద ఉన్నది సార్."

సార్ చెట్టుకేసి చూశారు, ర్యాంపుకేసి చూశారు, గొడుగు మడిచారు. సఫాయి అక్క సంచి మూతి కడుతూ తల పైకెత్తలేదు గానీ, చేతులు మాత్రం ఆగాయి.

"ఇప్పుడే కొట్టాలా?"

"గడ్డపార ఎట్లైన ఈడనే ఉన్నది సార్. ఒక మూల కొట్టి జాలీ పెడ్తం, కారు ఎక్కుతది. గని ముందుగాల బండి తీయాలె."

"ఏమే!" అని లోపలికి కేకేశారు సార్. "కారు తాళాలెక్కడ పెట్టావు?"